కల్లం టీవీలో ఖాళీ కుర్చీ

చానల్ పెడతామని నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ముందు కెమెరాల గురించి మాట్లాడేవారు. తర్వాత యాంకర్ల గురించి, ఆ తర్వాత ప్రారంభోత్సవానికి ఏ పెద్దమనిషిని పిలవాలన్న దాని గురించి. అసలు కంపెనీ రిజిస్టర్ అయిందా అని నేను అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను ఈ రంగంలో నేను వాడినంతగా ఇంకెవరూ వాడి ఉండరు.

నేను కంపెనీ సెక్రటరీని. మాది తెనాలి దగ్గర పల్లె. పెళ్లయ్యాక మన్సూరాబాద్‌లో స్థిరపడ్డాం. ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో. కింద బట్టల కొట్టు, పైన అమ్మాయిల హాస్టల్, నడుమ నేను. శాటిలైట్ చానళ్లకు కేంద్ర ప్రభుత్వం నుంచి అనుమతులు తెప్పించడం నా పని. ఇప్పుడు మానేశాను. నా దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు అమ్మాయిలు ఆ ఆఫీసు నడుపుతున్నారు. నియమాలన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నాయి కదా మేడం, అందులో లేనివేమైనా ఉంటే రాసిపెట్టండి అని వాళ్లే అడిగారు. అందులో లేనివి చాలా ఉన్నాయి. అన్నీ రాస్తే మీరీ పనిలోకి రారు. అందుకని ఒక చానల్ కథ మాత్రం రాస్తున్నాను.

అసలు ఏం చేస్తాం

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. చానల్ బొమ్మ ఇక్కడినుంచి ఉపగ్రహానికి పైకి వెళ్తుంది, అక్కడినుంచి కిందికి దిగుతుంది. పైకి పంపడానికీ అనుమతి కావాలి, కిందికి దించడానికీ కావాలి. అడిగేది కంపెనీ అయి ఉండాలి. దానికి నియమం చెప్పినంత ఆస్తి ఉండాలి, వార్తల చానల్ అయితే మరీ ఎక్కువ. చానల్ పేరూ గుర్తూ వేరేవాళ్లవి కాకూడదు. తరంగాలకు వేరే శాఖ వేరే లైసెన్సు ఇస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, కంపెనీలో డైరెక్టర్లుగా కూర్చునే ప్రతి మనిషి గురించీ హోం శాఖ విచారించి అభ్యంతరం లేదని చెప్పాలి. చానల్ నడుస్తుండగా కొత్త డైరెక్టర్‌ను తీసుకోవాలన్నా అంతే. ముందు అనుమతి, తర్వాతే కుర్చీ.

ఈ చివరి నియమం మంచిదే అని ఇప్పటికీ అంటాను. ఇంటింటికీ వెళ్లే గొంతు ఎవరి చేతిలో ఉందో ప్రభుత్వానికి తెలియాలి. దొంగ సొమ్ముతో చానళ్లు కొనుక్కోవాలని చూసినవాళ్లను నేనే ఒకరిద్దరిని మెట్లు దింపాను. నా గొడవ నియమంతో కాదు, దానికి పట్టే కాలంతో. ఎన్నాళ్లలో తేలుస్తారని అడిగితే ఎవరూ చెప్పరు. ఆలస్యం అమృతం విషం అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

నాకు పని నేర్పినాయన ఒక సీనియర్. చండశాసనుడు. అనుమతి రాకముందు 'చానల్' అని నోరు జారితే ఊరుకునేవారు కాదు, 'ప్రతిపాదిత చానల్' అనాలి. క్లయింటు ఇంట్లో భోజనం చెయ్యకూడదు, మంచినీళ్లు తాగి లేచి రావాలి. వాళ్ల ఉప్పు తింటే వాళ్లకు నచ్చే సలహా ఇస్తావు అనేవారు. అది సగం నిజం. మిగతా సగం ఆయనకు తెలియదని నా ఉద్దేశం. అన్నం తినకపోతే వాళ్లు ఏం చెయ్యబోతున్నారో మనకు తెలియదు. ముహూర్తం మించిపోతోందని అనుమతికి ముందే బొమ్మ పైకి పంపబోయిన ఒకాయనను నేను ఆపగలిగానంటే, వాళ్లావిడ వంటింట్లో నాకు ఆ మాట చెప్పబట్టే.

లింగస్వామి

లింగస్వామి నల్లగొండ జిల్లా పల్లె నుంచి చిన్నతనంలోనే వచ్చి, ఎల్‌బీ నగర్‌లో టీవీలు బాగుచేసి, తర్వాత కేబుల్ వైర్లు లాగి, చివరికి కాలనీలకు చిన్న కేబుల్ చానల్ నడిపినవాడు. చానల్ పేరు కల్లం. కొత్తపేట పళ్ల ధరలు, బస్సుల వేళలు, కాలనీలో నీళ్లు రాని వీధులు, ఇవీ దాంట్లో వచ్చేవి. కానీ జనం దాన్ని చూసింది పొద్దున ఆరు గంటలకు వచ్చే ఒక కార్యక్రమం కోసం. దాని పేరు 'కడచూపు'. నల్లగొండ వైపు ఏ ఊళ్లో ఎవరు పోయారు, ఎవరి తండ్రి, ఎవరి తల్లి, ఎన్నింటికి తీసుకుపోతారు. అంతే. పాట ఉండదు, ప్రకటన ఉండదు. చదివేది లింగస్వామి భార్య పద్మ. విన్నవాళ్లు విన్నట్టే లేచి ఎల్‌బీ నగర్ వచ్చి బస్సెక్కేవారు.

దీన్ని శాటిలైట్ చానల్ చెయ్యాలని నా దగ్గరికి వచ్చాడు. ఎందుకయ్యా ఇంత ఖర్చు, కాలనీలు చాలవా అన్నాను. పల్లెల నుంచి మగ్గాల పనికి భివండీ, సూరత్ పోయినవాళ్లు వేలకు వేలున్నారు, అక్కడిదాకా కేబుల్ పోదు, ఉపగ్రహమైతేనే పోతుంది అన్నాడు. అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి కదా అన్నాను. అప్పుడు అతను చెప్పిన జవాబు నేను మరిచిపోలేదు.

"ఫోన్ల ఎవ్వలు నిజం చెప్తరు మేడం? జర సీరియస్‌గున్నది, వీలు చూస్కొని రా అంటరు. ఆడు సెలవు దొరుకలేదని ఎల్లుండి బయలెల్తడు. ఈడ అంతా అయిపోతది. మా నాయినప్పుడు నాకట్లనే అయింది. టీవీల చెప్తే ఉన్నదున్నట్టు చెప్తం."

మా వైపూ అంతే. చావు కబురు సూటిగా చెప్పడం మనవాళ్లకు రాదు. చెబితే వినేవాడు ఏమైపోతాడో అని భయం. ఆ భయంతో వాడికి ఆఖరి చూపు లేకుండా చేస్తాం. శాటిలైట్ చానల్ ఎందుకు కావాలో ఇంత సరైన కారణం చెప్పిన క్లయింటు నాకు ముందూ లేడు, తర్వాతా లేడు.

నియమానికి సరిపడే ఆస్తి అతని దగ్గర లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే సాంబశివరావు గారు ముందుకొచ్చారు. గుంటూరు మనిషి, లెక్కల మాస్టారు, సాయంత్రాలు లింగస్వామితో కలిసి చాయ్ తాగే స్నేహితుడు. పెట్టుబడి ఆయనది, కాబట్టి వాటాల్లో పెద్ద భాగం ఆయనకే. ఎండీ కుర్చీ లింగస్వామిది. కంపెనీకి వాళ్లిద్దరే డైరెక్టర్లు. చానల్‌లో ఏం రావాలో లింగస్వామి చూసుకోవాలి, రావు గారు వేలు పెట్టకూడదు అని మాట. ఆ మాటను కాగితం మీద పెట్టుకోండి అని నేను పోరాను. ఇద్దరూ నవ్వారు. "మా ఇద్దరి మధ్య కాగితాలేంటండీ," అన్నారు రావు గారు. ఆయన ఆ మాట మనసారా అన్నారని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

అనుమతి రావడానికి చాలా కాలం పట్టింది కానీ వచ్చింది. కల్లం ఉపగ్రహం ఎక్కింది. భివండీ నుంచి ఎవరో ఫోన్ చేసి, మీ వార్త చూసి రైలెక్కి మా తాతను చూసుకున్నానని చెప్పాడట. ఆ రోజు లింగస్వామి దిల్‌సుఖ్‌నగర్‌లో నా మెట్లెక్కి వచ్చి మిఠాయి పెట్టె బల్ల మీద పెట్టి, మూత తీసి నా ముందుకు జరిపాడు. నా వృత్తిలో అంత ఆనందం నాకు మళ్లీ రాలేదు.

పెద్దకర్మ రోజు

పెద్ద అంబర్‌పేట దాటాక విజయవాడ రోడ్డు మీద లింగస్వామి కారును లారీ గుద్దింది. దవాఖానకు చేరేలోపే పోయాడు. ఆ కబురు చానల్‌లో ఎలా చదవాలో తెలియక స్టూడియోలో వాళ్లు తల్లడిల్లుతుంటే, అందరిదీ చదివినట్టే చదవమని పద్మ చెప్పి పంపింది. అలాగే చదివారు. ఊరిపేరు, తండ్రిపేరు, ఎన్నింటికి తీసుకుపోయేదీ.

పెద్దకర్మకు నేను వాళ్ల ఊరు వెళ్లాను. మా గురువుగారి మాట ఎన్నడో గట్టున పెట్టాను కాబట్టి బంతిలో కూర్చుని భోజనం కూడా చేశాను. అక్కడ వాళ్లకో పద్ధతి ఉంది. ఇంటి పెద్ద పోతే ఆ రోజు బంధువులు, ఊరి పెద్దలు కూర్చుని, ఇక ఇంటి భారం ఎవరిదో నలుగురి ముందు చెబుతారు. పొలం ఎవరు చూడాలి, పిల్లల చదువు ఎవరు చూడాలి, అన్నీ అక్కడే తేలుతాయి. అక్కడ పడిన మాట తర్వాత ఎవరూ దాటరు. ఆ మాట మీద బతికే మనుషులు వాళ్లు.

లింగస్వామి పెదనాన్న రాములు గారు లేచి, పొలం తమ్ముడు చూస్తాడనీ, హైదరాబాదులో కుర్చీ పద్మదేననీ చెప్పారు. రావు గారు అక్కడే ఉన్నారు. కళ్లు తుడుచుకుంటూ తలూపారు. అంతవరకూ ఇంటి విషయం. కానీ కల్లం కుర్రాళ్లు తమ యజమాని పెద్దకర్మను కెమెరాలతో ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నారు. కాసేపట్లో నా పక్కన కూర్చున్నాయన ఫోన్‌లో చానల్ చూపించాడు. బొమ్మ కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. కల్లం టీవీ కొత్త ఎండీగా పద్మ గారు బాధ్యతలు స్వీకరించారు, అని.

నేను గబుక్కున లేచాను. ముందస్తు అనుమతి లేకుండా కంపెనీ నడిపే మనిషిని మార్చేశామని, మా అంతట మేమే, దేశం మొత్తానికి చెబుతున్నాం. స్టూడియోకి ఫోన్ చేసి తీసేయమన్నాను. రాములు గారి దగ్గరికి వెళ్లి, కంపెనీ సంగతి ఇలా ప్రకటించకూడదండీ, ఢిల్లీ నుంచి అనుమతి రావాలి అని నెమ్మదిగా చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. నా తల మీద చెయ్యి పెట్టి అన్నారు.

"బిడ్డా, సచ్చినోని పేరు మీద నలుగుట్ల మాటిచ్చినం. దీన్ని ఢిల్లీల ఎవడు కాదంటడు?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఆయనకు చెప్పే ధైర్యం లేకపోయింది. అక్షరాలు తీసేశారు కానీ అప్పటికే వాటిని ఎవరో దాచుకున్నారు. మంచి కోరనివాళ్లు ప్రతి చానల్‌కీ ఉంటారు.

ఢిల్లీ అడిగింది

డైరెక్టర్‌గా పద్మ పేరు పంపి అనుమతి అడిగాం. ఆ దరఖాస్తు వెనకాలే ఒక ఫిర్యాదు కూడా వెళ్లింది, ఆ అక్షరాల బొమ్మతో సహా. అనుమతి లేకుండానే యాజమాన్యం మార్చారా, సంజాయిషీ ఇవ్వండి అని మాకు నోటీసు వచ్చింది.

సంజాయిషీ రాయడానికి కూర్చున్నాను. పెద్దకర్మ అన్న మాటను ఇంగ్లీషులో ఎలా పెట్టాలో తోచక చాలాసేపు కూర్చున్నాను. ఇంటి ఆచారం అని రాశాను, పెద్దలు ఆశీర్వదించారు అని రాశాను. కంపెనీ బోర్డు ఏ తీర్మానమూ చెయ్యలేదు అని రాశాను. అన్నీ నిజాలే. ఢిల్లీ వెళ్లి అధికారిని కలిశాను. మంచివాడు, కసురుకోలేదు, కుర్చీ వేయించాడు. అంతా విని, అది ఇంటి కార్యమైతే అక్కడ కంపెనీ పదవి ఎందుకు చెప్పారమ్మా అని అడిగాడు. మా దగ్గర ఇల్లు వేరు, కంపెనీ వేరు కాదండీ అనబోయి నోరు మూసుకున్నాను. ఆ మాట అంటే ఫైలు అక్కడికక్కడే ముగిసిపోయేది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు ఒకటి చెబుతాను. మన క్లయింట్లలో చాలామంది కంపెనీని ఇల్లులాగే చూస్తారు. అన్న పోతే తమ్ముడు, భర్త పోతే భార్య. వాళ్ల దృష్టిలో అది ధర్మం. నియమం దృష్టిలో ప్రతి మనిషీ కొత్త మనిషే, మళ్లీ మొదటినుంచి విచారించాల్సిన మనిషే. ఈ రెండిటి మధ్య నిలబడటమే మన ఉద్యోగం. అనుమతి తెప్పించడం దాని తర్వాతి పని. నేను ఈ సంగతి గ్రహించేసరికి నా జుట్టు తెల్లబడింది.

తాత్కాలికంగా అన్నాను

సంజాయిషీ ఎటూ తేలలేదు. తేలేదాకా పద్మ దరఖాస్తును ఎవరూ ముట్టుకోరు. ఈలోగా ఇంకో చిక్కు. కంపెనీ చట్టం ప్రకారం కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. ఇప్పుడు ఉన్నది రావు గారొక్కరే. ఆ చట్టం వెంటనే మనిషిని పెట్టు అంటుంది, ఈ నియమం ఆగు అంటుంది. ఉపగ్రహం అద్దె కట్టడానికి కూడా బ్యాంకువాళ్లు రెండో సంతకం అడుగుతున్నారు. చానల్ ఆగిపోయే స్థితికి వచ్చింది.

రావు గారి బావమరిది ప్రసాద్ అప్పటికే ఇంకో భక్తి చానల్ కంపెనీలో డైరెక్టర్. హోం శాఖ విచారణ అయిన మనిషి. అతని పేరు పెడితే అనుమతి తొందరగా వస్తుంది. ఈ దారి చూపించింది నేనే. సాంకేతికంగా ఇంతకంటే మంచి సలహా అప్పుడు ఎవరూ ఇవ్వలేరు, ఇప్పుడూ ఇవ్వలేరు. చానల్ బతకాలి కదా.

పద్మకు చెప్పడానికి ఎల్‌బీ నగర్‌లో వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె పెద్దగా చదువుకోలేదు కానీ మనుషుల్ని బాగా చదువుతుంది. నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగింది.

"నాకు పర్మిషన్ ఒచ్చినంక ఆయనను తీసేస్తరా అక్కా?"

"తీసెయ్యడానికి అవకాశం ఉంది, పద్మా. చట్టంలో ఏ అడ్డూ లేదు," అన్నాను.

ఆమె అడిగింది రావు గారి గురించీ ప్రసాద్ గురించీ. నేను చెప్పింది చట్టం గురించి. నా గొంతులో ఉన్న ధీమా చూసి ఆమె సరేనంది. పిల్లలూ, క్లయింటు మనుషుల గురించి అడిగినప్పుడు చట్టం గురించి జవాబు చెప్పకండి. వాళ్లు ఏం చేస్తారో నాకు తెలియదమ్మా అని చెప్పండి. ఆ చిన్న ముక్క నేను చెప్పి ఉంటే ఆమె ఆ రోజే రాములు గారిని, ఊరి పెద్దలను తీసుకుని రావు గారి ముందు కూర్చునేది. అప్పటికింకా రావు గారికి లింగస్వామి గుర్తున్నాడు, మాట పట్టేది. నాకు ఇది ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ప్రసాద్ వచ్చాడు. చెడ్డవాడని అనను. చానల్ ఖర్చులు చూసి అతనికి కళ్లు తిరిగాయి. ప్రకటనలిచ్చే బంగారం కొట్లవాళ్లు, చిట్‌ఫండ్‌వాళ్లు ఒకటే అన్నారట, పొద్దున్నే చావులు చూపించే చానల్ పక్కన మా పేరు వద్దు అని. "ఆరింటికి టీవీ పెడితే ఎవడో పోయాడంటారేంటండీ, రోజెలా మొదలవుతుంది?" అని నాతోనే అన్నాడు. ముందు కడచూపును మధ్యాహ్నానికి జరిపాడు. మధ్యాహ్నానికి చెబితే పొద్దున బస్సెక్కేదెవరు? చూసేవాళ్లు తగ్గారు. చూసేవాళ్లు లేరని తర్వాత పూర్తిగా తీసేశాడు. ఆరు గంటలకు రాశిఫలాలు పెట్టాడు.

పద్మ రావు గారి దగ్గరికి వెళ్లింది. ఆయన తల దించుకుని, "చానల్ కోసం నా ఇల్లు తాకట్టులో ఉందమ్మా, నేనేం చెయ్యను," అన్నారట. అదీ అబద్ధం కాదు. ఈ కథలో అబద్ధం చెప్పినవాళ్లు ఎవరూ లేరు, అదే నన్ను తినేస్తుంది. దొంగ ఎవడైనా ఉంటే వాణ్ణి తిట్టుకుని నిద్రపోయేదాన్ని.

పద్మ దరఖాస్తు కోసం నేను ఢిల్లీ చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. అధికారులు మారారు, నియమాల పుస్తకం కొత్తదైంది, అడిగిన కాగితాలే మళ్లీ అడిగారు. ఆమె తండ్రి చిరునామా, పుట్టిన ఊరు, కేసులేమైనా ఉన్నాయా. చావు కబుర్లు చదవడం తప్ప ఏమీ తెలియని మనిషి మీద అంత విచారణ. ఆమె మాత్రం అనుమతి ఎప్పుడొస్తదక్కా అని అడగడం క్రమంగా మానేసింది. ఫోన్ చేస్తే నా మోకాళ్ల నొప్పుల గురించి అడిగేది.

అనుమతి వచ్చిన రోజు

వచ్చింది. సంజాయిషీ ఒప్పుకున్నాం, ఏ అభ్యంతరమూ లేదు, పద్మను డైరెక్టర్‌గా తీసుకోవచ్చు అని. చూసి నేను చిన్నపిల్లలా గంతేసినంత పని చేశాను. ముందు రావు గారికి ఫోన్ చేశాను. పద్మను తప్పకుండా బోర్డులోకి తీసుకుంటాను, లింగస్వామి ఫొటో కింద కుర్చీ వేయిస్తాను, కానీ ఆ కార్యక్రమం మాత్రం అడగొద్దని చెప్పండి మేడం, అన్నారు. ప్రసాద్‌ను తీసేసే మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వాటాలు ఆయనవి.

పద్మ ఇంటికి వెళ్లాను. చాయ్ పెట్టింది. నేను చెప్పింది ఓపికగా విన్నది. బోర్డులో ముగ్గురుంటారు కదా, నేను కడచూపు పెట్టమంటే పెడతరా అంది. ఈసారి చట్టం చెప్పలేదు. పెట్టరు పద్మా, అన్నాను.

తల ఊపింది. పోయిన నెల తన మేనమామ కొడుకు యాదయ్య భివండీ నుంచి వచ్చాడని చెప్పింది. వాళ్లమ్మ పోయింది. అలవాటు ప్రకారం ఇంటివాళ్లు ఫోన్లో సీరియస్‌గా ఉందన్నారు. వాడు మగ్గం మీద పని ముగించుకుని తీరిగ్గా బయలుదేరాడు. వచ్చేసరికి బూడిద కూడా ఎత్తేశారు. ఊరినుంచి నేరుగా వీళ్లింటికి వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడట.

"వదినా, కడచూపు మళ్ల వస్తదేమో అని రోజు పొద్దుగాల లేచి నీ టీవీ పెట్టుకొనే పనికి పోతున్న, అండ్ల మా అమ్మ పేరు ఎందుకు చెప్పలే అని ఏడ్చిండక్కా. వానికి ఏం చెప్పాలె? ఢిల్లీ నుంచి నాకు పర్మిషన్ రాలేదురా, అందుకే మీ అమ్మ సంగతి చెప్పలే అని చెప్పాల్నా?"

ఆమె గొంతు పెంచలేదు. నన్ను నిందించనూ లేదు. నేను తెచ్చిన కాగితాన్ని తీసుకుని పేరు చదువుకుంది. తన పేరు తప్పులు లేకుండా రాశారని మెచ్చుకుని తిరిగి నా చేతిలో పెట్టింది. "నాకు వద్దక్కా. వాళ్లు చెప్పిన కాడల్లా సంతకం పెట్టుకుంట ఆ కుర్చీల నేను కూసోలేను. మా ఆయన ఫొటో నా ఇంట్ల ఉన్నది, అది చాలు," అంది. బతిమాలుదామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని బతిమాలాలి? చాయ్ తాగి వచ్చేశాను.

అనుమతి వచ్చిన మనిషి డైరెక్టర్‌గా చేరకపోతే ఎందుకు చేరడం లేదో మంత్రిత్వ శాఖకు తెలియజేయాలి. ఆఫీసు ఆ అమ్మాయిలకు అప్పగించే ముందు నేను చేసిన ఆఖరి పని అదే. కారణం అన్న చోట ఏం రాయాలో ఆలోచిస్తూ కూర్చున్నాను. యాదయ్య తల్లి గురించి రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు, నలుగురిలో ఇచ్చిన మాట గురించి రాయడానికీ లేదు. చివరికి అందరూ రాసేదే నేనూ రాశాను. వ్యక్తిగత కారణాల వల్ల, అని. ఇన్నేళ్ల పనిలో ప్రభుత్వానికి నేను తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే. దానిమీద వాళ్లు ఏ సంజాయిషీ అడగలేదు.